5,000 అడుగుల మాట

జనవరి నెల, పొద్దున ఎనిమిదిన్నర. అరిజోనాలో ఫీనిక్స్‌కీ టూసాన్‌కీ మధ్య ఈలాయ్ అనే చిన్న ఊరు. చుట్టూ పత్తి చేలు, వాటి అవతల ఎడారి, దూరంగా పికాచో శిఖరం. మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడ్డ చాండ్లర్ నుంచి ఐ-10 రోడ్డు మీద ఇక్కడికి గంట కూడా పట్టదు. ఊరి విమానాశ్రయం పక్కనే స్కైడైవ్ అరిజోనా. మంచు దేశాల జంపర్లు శీతాకాలమంతా ఇక్కడికొచ్చి సాధన చేస్తారు.

మీరు జంప్‌సూట్ వేసుకుని నిలబడ్డారు. మీ దగ్గర యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్, అంటే యూఎస్‌పీఏ, ఇచ్చిన ‘ఎ’ లైసెన్సు ఉంది. కనీసం 25 జంప్‌లు పూర్తయితే గానీ అది చేతికి రాదు. ఒంటరిగా దూకడం, దిగడం, పారాచూట్ మడత పెట్టడం వచ్చు. ఇవాళ మాత్రం గాలిలో మీ పక్కన ఇంకో ముగ్గురుంటారు. వాళ్ళలో ఒకరు మీ కోచ్, వేల జంప్‌లు చేసిన మనిషి. మిగతా ఇద్దరూ ఈ విద్యలో కొన్నేళ్ళుగా ఉన్నవాళ్ళు.

జంప్ విమానంలో మొదలవదు, ఇక్కడ సిమెంటు నేల మీద మొదలవుతుంది. చక్రాలున్న చిన్న పలక మీద బోర్లా పడుకోండి. నలుగురూ అలాగే పడుకుని ఎదురెదురుగా జరుగుతారు. ప్రణాళిక చిన్నదే. ముగ్గురు కలిసి దూకి, చేతులు పట్టుకుని గుండ్రంగా ఏర్పడతారు. దాన్ని బేస్ అంటారు. మీరు వాళ్ళ వెనకే దూకి, వాళ్ళను చేరుకుని, నాలుగో మనిషిగా చెయ్యి కలపాలి. అప్పుడు అది నలుగురి స్టార్. తర్వాత అందరూ పట్టు వదిలి, కుడికి పావు చుట్టు తిరిగి, ముందున్నవాళ్ళ జంప్‌సూట్ కాలికి కుట్టిన పట్టీని పట్టుకోవాలి. అది డోనట్. మళ్ళీ వదిలి స్టార్. సమయం ఉన్నంతసేపూ ఇదే.

“తిరగడానికి తొందరపడకు,” అంటోంది కోచ్, మీ ఎదురుగా పలక మీద పడుకునే. “ముందు చూడు, తర్వాత తిరుగు, ఆ తర్వాతే పట్టుకో.” కోలాటంలో కర్ర తగిలే క్షణానికి అడుగు అక్కడ ఉంటేనే తాళం నిలుస్తుంది. ఇక్కడా చేతుల కంటే ముందు మనిషి అక్కడికి చేరాలి.

కోచ్ ఇప్పుడు మీ శరీరాన్ని సరిచేస్తుంది. నడుము కింద చేత్తో తట్టి, తుంటిని ఇంకా కిందికి నొక్కమంటుంది. పొట్ట మీద పడుకున్నప్పుడు మీ శరీరంలో అన్నిటికంటే కింద తుంటి ఉండాలి. గడ్డం పైకి. మోచేతులు భుజాల ఎత్తున, వంగి. మోకాళ్ళు భుజాల వెడల్పున, ముంగాళ్ళు గాలిలోకి. ఈ భంగిమలో గాలి మిమ్మల్ని అన్నివైపులా సమానంగా తోస్తుంది కాబట్టి మీరు ఎటూ జారకుండా సూటిగా కిందికి పడతారు. ఇది కుదరకపోతే మిగతా విద్యలేవీ కుదరవు.

ఇక కదలికలు. కాళ్ళు చాపితే ముందుకు వెళ్తారు. చేతులు ముందుకు చాపితే వెనక్కి పోతారు. కొత్తవాళ్ళకు మొదట మింగుడుపడనిది ఇదే. అందని మనిషి కోసం ఆత్రంగా చెయ్యి చాస్తే, ఆ చేతుల కింద గాలి నిండి మిమ్మల్ని ఆ మనిషి నుంచి దూరంగా నెడుతుంది. నేల మీద పుట్టి పెరిగిన అలవాటు గాలిలో చెల్లదు. తుంటిని ఇంకా తోసి ఒళ్ళు విరిస్తే వేగంగా పడతారు. ఛాతీ లోపలికి లాగి, భుజాలు గుండ్రంగా చేసి, చేతులూ కాళ్ళూ కొంచెం చాపితే నెమ్మదిస్తారు. ఈ నాలుగూ మీ చేతిలో ఉంటే చాలు, ఎవరి పక్కకైనా వెళ్ళగలరు.

లేచి నిలబడ్డాక కోచ్ నలుగురి కళ్ళలోకీ చూసి అడుగుతుంది: “విడిపోయే ఎత్తు?” నలుగురూ ఒకేసారి చెప్తారు: “5,000.” “తెరిచే ఎత్తు?” “3,500.”

ఈ అంకెల వెనక లెక్క ఉంది. యూఎస్‌పీఏ నిబంధన ప్రకారం ‘ఎ’ లైసెన్సు ఉన్నవాళ్ళు 3,000 అడుగుల కంటే కింద పారాచూట్ తెరవకూడదు. కాస్త వెసులుబాటు కోసం ఇవాళ మీరు 3,500 అనుకున్నారు. ఐదుగురు లేదా అంతకంటే తక్కువ ఉన్న గుంపు, తమలో అందరికంటే పైన తెరిచేవాళ్ళ ఎత్తుకు కనీసం 1,500 అడుగులు పైనే విడిపోవాలని అదే సంస్థ సూచిస్తుంది. ఆరుగురు, ఆ పైన అయితే 2,000. కాబట్టి 5,000. అది నలుగురూ ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. ఫార్మేషన్, అంటే గాలిలో కట్టే ఆకారం, ఎంత బాగా కుదిరినా, ఇంకొక్క పట్టు మిగిలిపోయినా, 5,000 దగ్గర అందరూ వీపు తిప్పి వెళ్ళిపోతారు.

విమానం ఎక్కేముందు ఒకరినొకరు తనిఖీ చేసుకోవాలి. మూడు మూళ్ళ లెక్క గుర్తుందా? భుజాల దగ్గర ప్రధాన పారాచూట్‌ను వదిలించే మూడు రింగుల అమరిక. ఛాతీ పట్టీ, రెండు తొడ పట్టీలు, మొత్తం మూడు. పిడులు మూడు: ప్రధాన పారాచూట్‌ది, దాన్ని తెంచుకునేది, రిజర్వ్‌ది. వీపు వైపు పిన్నులు వేరొకరితో చూపించుకోండి. అమెరికా చట్టం ప్రకారం రిజర్వ్‌ను లైసెన్సున్న రిగ్గర్, అంటే పారాచూట్లు మడిచే నిపుణుడు, 180 రోజులకొకసారి విప్పి మళ్ళీ మడవాలి. ఆ తేదీ కార్డు మీద ఉంటుంది. ఆటోమేటిక్ పరికరం ఆన్‌లో ఉందా? మీ సంచిలో ఉన్నది జర్మనీ వాళ్ళ సైప్రెస్. మీరు స్పృహ తప్పినా, ఎత్తు మరిచిపోయినా, సుమారు 750 అడుగుల దగ్గర ఇంకా వేగంగా పడుతుంటే అది రిజర్వ్‌ను తెరుస్తుంది. దాని అవసరం రాకుండా చూసుకోవడం మీ పని.

ట్విన్ ఆటర్ తలుపు దగ్గర ఇంజన్ల వేడి గాలి, కిరోసిన్ వాసన. లోపలికి వెళ్ళి బెంచీ మీద ఇరుక్కుని కూర్చోండి. బెల్టు పెట్టుకోండి. టేకాఫ్‌కి హెల్మెట్ తల మీదే ఉండాలి. నేల జారిపోతుంది. 1,500 అడుగులు దాటాక బెల్టులు విప్పుతారు. పత్తి చేలు చిన్న చిన్న గళ్ళుగా మారతాయి.

పైకి చేరడానికి పావుగంట పడుతుంది. కళ్ళు మూసుకుని జంప్ మొత్తం ఒకసారి మనసులో చెయ్యండి: తలుపు, దూకడం, బేస్‌ను వెతకడం, సమఎత్తుకు చేరడం, పట్టు, 5,000. నిజానికి ఈ క్రీడ ఎంత పెరిగినా మూలం ఇదే. 2006 ఫిబ్రవరి 8న థాయ్‌లాండ్‌లోని ఉడాన్ థానీ మీద వరల్డ్ టీమ్ 400 మందితో ఒకే ఫార్మేషన్ కట్టింది. ఐదు సీ-130 హెర్క్యులస్ విమానాల్లోంచి దూకిన ఆ 400 మందీ 4.25 సెకన్లు కలిసి నిలిచారు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ చేసింది మీరిప్పుడు చెయ్యబోయేదే. తన చోటికి చేరాలి, బేస్ ఎత్తుకు రావాలి, తొణక్కుండా చెయ్యి కలపాలి, తన వంతు వచ్చినప్పుడు విడిపోవాలి.

12,000. హెల్మెట్ అద్దం దించండి. చేతి తొడుగులు సరిచూసుకోండి. ప్రధాన పారాచూట్‌ను బయటికి లాగే పైలట్ చూట్ పిడి ఉండాల్సిన చోటే ఉందో లేదో వేళ్ళతో తడమండి. కోచ్ మీ వీపు మీది పిన్నులు ఇంకోసారి చూసి భుజం తడుతుంది. పక్క మనిషి పిడికిలి చాచి మీ పిడికిలికి తగిలిస్తాడు.

తలుపు తెరుచుకుంది. చలి ముఖం మీద కొడుతుంది. ఎర్ర దీపం పచ్చగా మారింది. పొట్ట మీద పడే పెద్ద గుంపులు ముందు వెళ్తాయి. వాళ్ళు దూకాక మీ కోచ్ కిందికి చూస్తూ సెకన్లు లెక్కపెడుతుంది. రెండు గుంపుల మధ్య నేల మీద తగినంత దూరం రావాలంటే ఈ ఆగడం తప్పనిసరి. ఎవరైనా వెనక నుంచి తొందరపెట్టినా ఆగాల్సిందే.

ముగ్గురూ తలుపు బయట, అంచున సర్దుకున్నారు. మీరు వాళ్ళకు ఆనుకుని లోపల. కోచ్ తల ఊపింది. రెడీ. సెట్. గో.

వాళ్ళు పోయారు. మీరూ పోయారు.

మొదటి క్షణంలో గాలి కింది నుంచి రాదు, విమానం ముక్కు వైపు నుంచి వస్తుంది. ఛాతీని దానికి చూపించండి. తుంటి ముందుకు. గడ్డం పైకి. ఊపిరి వదలండి. ఊపిరి బిగబడితే ఒళ్ళు బిగుస్తుంది, బిగిసిన ఒళ్ళు ఊగుతుంది. ఇప్పుడు బేస్ ఎక్కడ? అదిగో, కింద, కొంచెం అవతల. ముగ్గురూ చేతులు కలుపుకుని ఉన్నారు.

చేతులు వెనక్కి, కాళ్ళు చాపండి. తల కొంచెం కిందికి దించి వాళ్ళ వైపు దూసుకెళ్ళండి. గాలి మోత పెరుగుతుంది. సూటిగా వాళ్ళ మీదికి గురిపెట్టకండి. వాళ్ళకు కాస్త పక్కన ఖాళీ ఆకాశంలోకి గురిపెట్టండి, ఆగడం ఆలస్యమైనా ఎవరికీ తగలరు. ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చేది ఎత్తు కాదు, వేగం తేడా. నలుగురూ గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో పడుతున్నప్పుడు పక్క మనిషి మీకు కదలకుండా నిలిచి ఉన్నట్టే కనిపిస్తాడు. వాళ్ళకంటే మీరెంత ఎక్కువ వేగంతో వస్తున్నారన్నదే లెక్కలోకి వస్తుంది.

వాళ్ళ వీపుల మీది సంచులు కనిపిస్తున్నాయి. అంటే మీరింకా పైనే ఉన్నారు. సంచులు సన్నబడుతున్నాయి. ఇప్పుడే నెమ్మదించాలి. చేతులు బయటికి, మోకాళ్ళు వంచండి, ఛాతీతో గాలిని పట్టండి. ఒక్క క్షణం ఆలస్యమైంది. ఇప్పుడు వాళ్ళ పొట్టలు కనిపిస్తున్నాయి. కిందికి వెళ్ళిపోయారు.

కంగారు పడకండి. ముందు మణికట్టు మీది ఆల్టిమీటర్: 9,500. సమయం ఉంది. వాళ్ళ కిందికి మాత్రం జరగకండి. పడుతున్న ప్రతి మనిషి వీపు పైన గాలి చెదిరిపోయి ఉంటుంది. జంపర్లు దాన్ని బర్బుల్ అంటారు. ఆ చోట పైవాళ్ళను మోసే గాలి ఉండదు కాబట్టి వాళ్ళు ఒక్కసారిగా మీ మీద పడతారు. అందుకే గాలిలో మొదటి నియమం: ఎవరి వీపు మీదుగానూ వెళ్ళకండి, ఎవరి పొట్ట కిందికీ వెళ్ళకండి.

పక్కనే ఉంటూ, వాళ్ళను కంట కనిపెట్టుకుంటూ, భుజాలు గుండ్రంగా చెయ్యండి. పొట్ట లోపలికి లాగండి. చేతులూ కాళ్ళూ కొంచెం చాపండి. గింజుకోకండి. చూపు కిందికి పోతే తల దిగుతుంది, తల దిగితే ఇంకా కిందికి పోతారు. చూపు బేస్ మీదే. పొట్టలు మెల్లగా మాయమవుతున్నాయి. ఇప్పుడు కోచ్ కళ్ళు సరిగ్గా మీ కళ్ళ ఎత్తున ఉన్నాయి. సమఎత్తు.

ఇక అడ్డంగా జరగడం మాత్రమే మిగిలింది. కాళ్ళు కొద్దిగా చాపండి, మీరు ముందుకు జారుతున్నారు. నాలుగు మీటర్లు. రెండు. కాళ్ళు వంచండి. ఆగారు. ఒక చేతి దూరంలో, ఎదురుగా మీ ఖాళీ. మోచేతులు వంపులోనే ఉంచి, ముంజేతులు మాత్రం ముందుకు జరిపి, పక్కవాళ్ళ చేతి పట్టీలు అందుకోండి. కుదుపు లేదు. స్టార్ నలుగురిదైంది. కోచ్ నవ్వు హెల్మెట్ అద్దం వెనక కనిపిస్తోంది. అయినా చేతులకు వేలాడకండి. పట్టు ఉన్నా మీ బరువు మీరే మొయ్యాలి. ఒకరు లాగితే ఫార్మేషన్ వంగుతుంది, వంగింది మెలికపడి నలుగురూ ఒకరి మీద ఒకరు కుప్పకూలతారు. అలా జరిగితే పట్టు వదిలి, తుంటి తోసి, ఎత్తు చూసుకుని, మిగతావాళ్ళు ఎక్కడున్నారో వెతకాలి.

8,000. కోచ్ తల ఊపింది. పట్టు వదలండి. ఎక్కడికీ జారకుండా ఉన్నచోటే తిరగాలి. కుడి మోచెయ్యి కొంచెం దించి, ఎడమ మోకాలితో గాలిని నొక్కండి. పావు చుట్టు. ఆపండి. ముందున్న మనిషి కాలి పట్టీ మీ చేతి పక్కనే ఉంది. పట్టుకోండి. మీ కాలి మీద ఇంకెవరిదో చెయ్యి పడింది. డోనట్! ఎవరూ ఎవరినీ లాగడం లేదు. నాలుగు శరీరాలు ఒకే ఎత్తున, ఒకే వేగంతో. ఈ క్రీడ మనుషులను ఏళ్ళ తరబడి ఎందుకు పట్టి ఉంచుతుందో ఇక్కడ అర్థమవుతుంది.

మణికట్టు: 6,800. చూడటానికి సగం సెకను చాలు. ఈ వేగంలో 1,000 అడుగులు దాటడానికి పట్టేది సుమారు ఐదున్నర సెకన్లే. చెవి దగ్గర మోగే ఆల్టిమీటర్ సాయానికే, అది మోగకపోవచ్చు. కళ్ళు మీవి, ఎత్తు మీ బాధ్యత.

వదిలి, ఎడమకు తిరిగి మళ్ళీ స్టార్ వైపు. ఒక చెయ్యి కలిసింది. రెండోది వేలెడు దూరంలో ఉంది. 5,500. ఇంకొక్క క్షణం ఉంటే కలిసేది. చెవిలో మోగింది. కోచ్ రెండు చేతులూ ఊపుతోంది. 5,000.

వదిలెయ్యండి. ఇప్పుడే.

వెనక్కి పూర్తిగా తిరగండి. ఫార్మేషన్ మధ్య నుంచి సూటిగా బయటికి చూసే దిక్కు మీది. నలుగురు ఉన్నప్పుడు ఒక్కొక్కరికి ఆకాశంలో పావు భాగం. ముందు, కింద ఎవరూ లేరని చూసుకుని కాళ్ళు పూర్తిగా చాపండి. చేతులు ఒంటి పక్కకు, అరచేతులు కిందికి. భుజాలు ముందుకు వంచి గాలి మీద పరుచుకోండి. దీన్నే ట్రాకింగ్ అంటారు. తల దించి దూకినట్టు పోతే వేగం వస్తుంది గానీ దూరం రాదు, ఉన్న ఎత్తు కరిగిపోతుంది. దిగంతం మీద ఒక గురుతు పట్టి దాని వైపే సూటిగా. 5,000 నుంచి 3,500కి మీకున్నది సుమారు ఎనిమిది సెకన్లు. వీలైనంత దూరం జరిగితే పారాచూట్లు తెరుచుకున్నాక ఢీకొనే ప్రమాదం అంత తగ్గుతుంది. ఇందాక పట్టు కలపడానికి పనికొచ్చిన కాళ్ళూ భుజాలే ఇప్పుడు మిమ్మల్ని కాపాడుతున్నాయి.

ఆగండి. చేతులు తల పైన రెండుసార్లు ఊపండి, పైన ఎవరైనా ఉంటే వాళ్ళకు హెచ్చరిక. పక్కలకు చూడండి. తుంటి సమానంగా. పిడి పట్టుకుని విసరండి.

భుజాలు పైకి లేచాయి. మోత ఆగింది. పైకి చూడండి: చతురస్రంగా తెరుచుకుందా, తాళ్ళు సూటిగా ఉన్నాయా, స్లైడర్ అనే గుడ్డ దిగిందా? చేతులు ముందుగా వెనక రైజర్ల (భుజాల పైని పట్టీల) మీదికి, ఎవరైనా ఎదురొస్తే తిప్పుకోవడానికి. ఎదురుపడ్డ ఇద్దరూ కుడికే తిరగాలి. మీ లైసెన్సుకు నిర్ణయపు ఎత్తు 2,500 అడుగులు. అక్కడికి పారాచూట్ నడపదగ్గ స్థితిలో లేకపోతే తెంచుకుని రిజర్వ్ తెరవాల్సిందే. ఇవాళ ఆ అవసరం లేదు. మిగతా మూడు పారాచూట్లు లెక్కపెట్టండి. మూడూ ఉన్నాయి, మూడూ దూరంగా ఉన్నాయి.

1,000 అడుగుల దగ్గర గాలి వాలుకు, 600 దగ్గర అడ్డంగా, 300 దగ్గర గాలికెదురుగా. దారి అందరిదీ ఒకటే కాబట్టి ఎవరు ఎటు తిరుగుతారో అందరికీ తెలుసు. బ్రేకులు లాగండి. అడుగు, ఇంకో అడుగు. నేల.

పారాచూట్ పోగుచేసుకుని లోపలికి వచ్చాక నలుగురూ టీవీ ముందు నిలబడతారు. కోచ్ హెల్మెట్ కెమెరాలో అంతా ఉంది. మొదటి ప్రశ్న డోనట్ గురించి కాదు. “విడిపోయినప్పుడు నీ ఆల్టిమీటర్ ఎంత చూపించింది?” “5,000.” “ట్రాకింగ్‌లో ఎవరు కనిపించారు?” “ఎవరూ లేరు.” “మంచిది. ఇక మొదలుపెడదాం.” కిందికి జారిన ఆ రెండు సెకన్లను ఆమె మళ్ళీ మళ్ళీ ఆడిస్తుంది. మీ ఛాతీ ఇంకా విరుచుకుని ఉన్న క్షణాన్ని వేలుతో చూపిస్తుంది. “ఇది టన్నెల్‌లో సరిచేద్దాం.”

ఆమె చెప్పింది సరైన దారి. ఒక జంప్‌లో మీకు దొరికే సమయం నిమిషంలోపే. కింది నుంచి గాలి ఊదే టన్నెల్‌లో పది నిమిషాలు గడిపితే దాదాపు పది జంప్‌ల సాధన, అదీ పక్కనే శిక్షకుడు చెయ్యి పట్టుకుని సరిచేస్తుండగా. ఇక్కడ స్కైడైవ్ అరిజోనా దగ్గరే అలాంటిది ఉంది. హైదరాబాద్‌లోనూ గండిపేట దగ్గర గ్రావిటీజిప్ ఉంది. ఆసక్తి ఉన్న మన పిల్లలు విమానం ఎక్కకముందే ఒంటిని గాలికి అలవాటు చేసుకోవచ్చు. టన్నెల్ నేర్పలేనివి రెండున్నాయి: ఎత్తు మీద కన్ను, విడిపోయి దూరం జరగడం. వాటిని ఆకాశంలోనే, కోచ్ పక్కన, చిన్న గుంపులతో నేర్చుకోవాలి. ఇద్దరితో నిలకడ వచ్చాక ముగ్గురు, ముగ్గురితో వచ్చాక నలుగురు. పెద్ద ఫార్మేషన్‌కి ఎవరైనా పిలిస్తే, మీ ట్రాకింగ్ మీద మీకు నమ్మకం కుదిరేదాకా రానని చెప్పండి. అనుభవమున్న జంపర్లు ఆ మాటను గౌరవిస్తారు.

కొత్తగా ఈ క్రీడలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాల్సింది ఒకటే. ఒంటి మీద అదుపు, భద్రత అని ఇక్కడ రెండు పాఠాలు లేవు. సమఎత్తుకు వచ్చాకే దగ్గరికి వెళ్ళండి, ఎవరి మీదుగానూ కిందుగానూ పోకండి, మణికట్టు మరవకండి. అందని పట్టు తర్వాతి జంప్‌లో అందుకోవచ్చు. 5,000 అని మాటిచ్చినప్పుడు మాత్రం 5,000 దగ్గరే వదిలెయ్యండి.